ఇరవై నాలుగు మిల్లీమీటర్లు

మంచు పడే నెలల్లో ఆ వీధి ఎనిమిదింటి దాకా నిద్ర లేవదు. కిటికీ అద్దాల మీద తేమ పట్టి, ఎదురింటి గోడ ఉందో లేదో కూడా తెలియదు. వంటింట్లో కెటిల్ ఏదో కూనిరాగం తీస్తోంది. ముందు గదిలో లెక్కల మాస్టారు ఎడమ కాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని, మంచం మీద వెనక్కి వాలి, పాత నోటుబుక్కులో పెన్సిల్ ముక్కతో ఏదో రాసుకుంటున్నారు. నొప్పి మాత్ర వేసుకున్న గంటకల్లా ఆయన కళ్ళు సగం మూతలు పడతాయి. పెన్సిల్ మాత్రం ఆగదు. ఆగినప్పుడల్లా అది చెవి మీదికెక్కి కూర్చుంటుంది, ఆయన ఇల్లంతా దానికోసం వెతికిస్తారు.

"ఏమోయ్, నా మంచం వెనక గదిలోకి మార్పించాలి. ఇక శాశ్వతంగా అక్కడే," అన్నారు.

"ముందు టీ తాగండి. ఖాళీ కడుపుతో శాశ్వతాల గురించి మాట్లాడకూడదు," అంది ఆయన భార్య, కప్పు చేతికిస్తూ.

మంచం కాళ్ళ వైపు కుర్చీలో కూర్చుని కూతురు గాజుగుడ్డ ముక్కలు మడుస్తోంది. తల ఎత్తకుండానే, "అమ్మా, తొమ్మిదింటికి ఆస్పత్రిలో ఉండాలని నాన్నగారికి చెప్పు," అంది.

"నేను రానని చెప్పు దానికి," అన్నారు మాస్టారు టీ కప్పులోకి చూస్తూ.

ఇద్దరి మధ్యా దూరం పట్టుమని ఐదడుగులు లేదు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ చూసింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు ఆపరేటరుగా చేసిన మనిషి. "లైన్లో ఉండండి" అనే మాట నిద్రలో కూడా మర్యాదగా అనగలదు.

"ఊళ్ళోవాళ్ళందరికీ లైన్లు కలిపి కలిపి రిటైరయ్యాను. ఇంట్లో కూడా అదే డ్యూటీ వేశారా నాకు? ఓవర్‌టైమా ఇది?" అంది.

ఎవరూ నవ్వలేదు. పదకొండు రోజులుగా ఆ ఇంట్లో ఆవిడ జోకులన్నీ ఇలాగే వృథా అయిపోతున్నాయి.

పదకొండు రోజుల కిందట, ఆవిడ పాత స్నేహితురాలి ఇంటికి వెళ్ళిన పూట, మాస్టారి మీద పుస్తకాల బీరువా పడింది. పై అరలో త్రికోణమితి పుస్తకం అందుకోబోయానని ఆయన చెప్పిన మాట. పొద్దున పదింటికి పడితే ఆవిడ తిరిగొచ్చేసరికి మూడైంది. ఐదు గంటలు కాలు చెక్క కింద నలిగింది. ఎముక విరగలేదు కానీ పిక్క రాయిలా గట్టిపడి ఉబ్బిపోయింది. ఆ ఒత్తిడికి లోపలి కండ చచ్చిపోతుందని, ఆస్పత్రిలో అప్పటికప్పుడు పిక్క పక్కన జానెడు పొడవున కోసి వదిలేశారు. అలాంటి గాయాన్ని వెంటనే కుట్టకూడదట. అంచుల వెంబడి చిన్న పిన్నులు కొట్టి, వాటిలోంచి రబ్బరు తాడుని బూటు లేసులా అల్లారు. రోజు విడిచి రోజు వెళ్తే డాక్టరమ్మ ఆ లేసు కాస్త బిగించి, స్కేలు పెట్టి వెడల్పు కొలిచి, అంకె పైకి చదువుతుంది. ఆస్పత్రి వీధి చివరే కాబట్టి, జ్వరం కూడా లేదు కాబట్టి, నాలుగో రోజున ఇంటికి పంపేశారు.

కబురు తెలియగానే కూతురు దొరికిన మొదటి రైలెక్కి వచ్చేసింది. వచ్చి, కట్లు మార్చింది, మాత్రలు చూసుకుంది, నడిపించింది. మాట్లాడటం మాత్రం తల్లి ద్వారానే. ఒకప్పుడు ఈ పిల్ల తండ్రి భుజం మీంచి దిగేది కాదు. పిట్ట అని ముద్దుపేరు పెట్టింది ఆయనే. వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, దానికి లెక్కలు నేర్పిందీ ఆయనే. పెద్ద లెక్కలన్నీ చదువుకున్నాక, తాను సగంలో వదిలేసిన పరిశోధన పిట్ట పూర్తి చేస్తుందని ఆయన కలలు కంటూ ఉండగా, తొమ్మిది నెలల కిందట అది వచ్చి, "నాన్నా, నేను కోడిగుడ్డులో పిల్ల ఎలా తయారవుతుందో చూసే ల్యాబులో చేరుతున్నా," అంది. ఆయనకి ముక్కు మీదుంటుంది కోపం. "వెళ్ళు. నీ గుడ్లు నువ్వు పొదుక్కో. నాకు ఫోను కూడా చెయ్యక్కర్లేదు," అనేశారు. అన్న మరుక్షణమే తప్పని ఆయనకి తెలుసు. ఒప్పుకోవడానికి మాత్రం తొమ్మిది నెలలు చాలలేదు.

"ఎందుకు రారట?" కూతురు మళ్ళీ తల్లినే అడిగింది. "ఈ సాయంత్రం రైలుకి నేను వెళ్ళాలి. అది తప్పదు. వెళ్ళేలోగా ఆ కాలి సంగతి తేలకపోతే నేనక్కడ ఒక్క పని చెయ్యలేను."

తల్లి ట్రే ఠక్కున బల్ల మీద పెట్టింది. "ఎక్స్ఛేంజి మూసేశాం. ఇక మీలో మీరు మాట్లాడుకోండి."

కిటికీ మీద ఒక నీటి బొట్టు మెల్లగా జారి, ఇంకో బొట్టు దగ్గరికొచ్చి ఆగింది. మాస్టారు దానివైపే చూస్తూ నోటుబుక్కు ముందుకి చాపారు.

"చూడు. లెక్క ఇంకా మర్చిపోకపోతే."

ఆమె తీసుకుని చూసింది. అరవై నాలుగు. నలభై నాలుగు. ముప్పై నాలుగు. ఇరవై తొమ్మిది. ఇరవై ఆరున్నర. ఒకదాని కింద ఒకటి, ముత్యాల్లాంటి అంకెలు.

"మొదటిసారి తగ్గింది ఇరవై. తర్వాత పది, ఐదు, రెండున్నర," అన్నారు మాస్టారు. మాత్ర మత్తులో ఆయన గొంతు ఎక్కడో దూరపు క్లాసురూములోంచి వచ్చినట్టుంది. "ఎప్పటికప్పుడు సగానికి సగం. ఇంత అందంగా పడ్డ అంకెలు నా సర్వీసులో చూడలేదు. ఇవాళ ఇరవై అయిదుంబావు వస్తుంది, కావాలంటే రాసిపెట్టుకో. అలా ఎన్నాళ్ళు లాగినా ఇరవై నాలుగు దగ్గరికి పోతూ ఉంటుంది తప్ప దాని కిందికి దిగదు. ఇరవై నాలుగు మిల్లీమీటర్లు, రెండు వేళ్ళ వెడల్పు. అది మూసుకోదు. మూసుకోని కాలుకి ఇంక తాళ్ళెందుకు, కొలతలెందుకు? నేను నడిచే రోజులు అయిపోయాయి. నువ్వు వెళ్ళు. అక్కడ నీ గుడ్లు చల్లారిపోతాయి."

చివరి మాటలో వెటకారం లేదు, బెంగ ఉంది. ఆ పిల్లకి మాత్రం తొమ్మిది నెలల కిందటి మాటే మళ్ళీ వినబడింది.

"లెక్కలో తప్పు లేదు," అంది నెమ్మదిగా. "డాక్టర్ని అడిగారా?"

"అంకెలు కళ్ళముందు ఉండగా డాక్టరెందుకు?"

"ఐదు అంకెలు చూసి కాలంతా తేల్చేశారా?" అంటూ ఆమె విసురుగా పేజీ తిప్పింది. వెనక పేజీలో ఇంకో వరుస ఉంది. పక్కన నెలల పేర్లు ఉన్నాయి. ముప్పై ఒకటి, పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి, ఒకటి, ఒకటి. చివర సున్నా.

"ఇవేంటి?"

మాస్టారు పుస్తకం కోసం చెయ్యి చాపారు. అందలేదు.

"నీ ఫోన్లు," అన్నారు చివరికి. "ఈ ఫోనుకి వచ్చినవి."

ఆయన తల దగ్గర బల్ల మీద నల్లటి ల్యాండ్ ఫోను ఉంది. తల్లీ కూతురూ మాట్లాడుకునేది తల్లి సెల్లులో. ఆ నల్ల ఫోనుకి చేసేది పిట్ట ఒక్కతే, అదీ ఆయన కోసమే. తొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా ఆయన దాన్ని ఎత్తలేదు.

"మూడో నెలకే తెలిసిపోయింది, అది సున్నాకి పోతోందని," అన్నారు. "ఎలాగూ ఆగిపోయే ఫోను. ఎత్తి, ఆ గొంతుకి అలవాటు పడి, తర్వాత ఒకరోజు..."

కూతురు లేచి నిలబడింది. ఒళ్ళో మడిచిపెట్టుకున్న గాజుగుడ్డ ముక్కలన్నీ నేలమీద పడ్డాయి.

"ఎత్తని ఫోనుకి మనిషి ఎన్నిసార్లు చేస్తుంది నాన్నా? మీరు ఎత్తలేదు కాబట్టి తగ్గాయి. తగ్గాయి కాబట్టి ఎత్తలేదంటారా? ఇక్కడ కూర్చుని నా ఫోన్లు లెక్కపెట్టారా, ఎత్తకుండా?"

మాస్టారు నల్ల ఫోను వైపు చూశారు.

"చిన్నప్పుడు ఆ వంటింట్లో గచ్చు మీద నిలబెట్టి ఏం చెప్పావు నాకు? పిట్టా, అడుగులు వేస్తూ పో అన్నావు. అడుగులన్నీ గచ్చు మీదే పడితే చాలదు, ఆ అడుగులు ఏ చోటికి చేరబోతున్నాయో ఆ చోటు కూడా గచ్చులోనే ఉండాలి, అప్పుడే అది నిండైన సమితి అన్నావు. అర్థం కాలేదంటే మూడు రోజులు అదే ఆడించావు. నా అడుగులు గుడ్ల వైపు వెళ్ళాయి నాన్నా. అవన్నీ ఈ ఇంట్లోంచి వేసిన అడుగులే. చేరబోయే చోటు మాత్రం గోడ అవతల పడేశావు నువ్వు."

వచ్చిన దగ్గరనుంచీ మీరు మీరు అంటున్నది నువ్వులోకి దిగిందని తల్లి ఒక్కతే గమనించి, గుమ్మం పట్టుకుని నిలబడింది. ముసలాయనకి కళ్ళు ఎర్రబడ్డాయి.

"వెళ్ళిన నాలుగో నెలలో ఒక ప్యాకెట్ పంపాను. అదైనా విప్పావా?" అంది పిట్ట.

తల్లి లోపలికి వెళ్ళి, బట్టల అడుగునుంచి ఒక గోధుమరంగు కవరు తెచ్చింది. ఒక మూల నలిగిపోయి ఉంది, అంటించిన టేపు అలాగే ఉంది.

"ఇదిగో. వచ్చిన రోజే తన చేతికే అందకుండా బీరువా అన్నిటికన్నా పై అరలో పెట్టేశారు మీ నాన్న. త్రికోణమితీ లేదు, పాడూ లేదు. నలుగురం కలిసి బీరువా ఎత్తితే ఇది ఆయన గుప్పిట్లో ఉంది. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి తీశాను. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ముప్పై ఏళ్ళలో ఒకరి సంగతి ఇంకొకరికి మోసిన పాపాన పోలేదు నేను. ఇవాళ మోస్తున్నా. ఏం చేసుకుంటారో చేసుకోండి."

"సున్నా పడింది పిట్టా," అన్నారు మాస్టారు. "ఆ నెల ఒక్కసారి కూడా మోగలేదు. నేను చెప్పినట్టే అయింది. అయ్యాక చూస్తే, ఇంట్లో నీది అంటూ మిగిలింది అదొక్కటే. విప్పుదామని ఎక్కాను."

లెక్క నిజమైనందుకు జీవితంలో మొదటిసారి ఆయనకి ఏడుపొచ్చింది. పిట్ట మంచం అంచున కూర్చుని, కవరు టేపు తనే పీకి, ఆయన ఒళ్ళో పెట్టింది. లోపల పెన్సిల్ బొమ్మలు, గ్రాఫులు, నాలుగు పేజీల ఉత్తరం. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని చదవడం మొదలుపెట్టారు.

'నాన్నా, గుడ్డులో పిల్ల వీపు మొదట్లో తెరిచిన గాడిలా ఉంటుంది. రెండు అంచులూ లేచి ఎదురెదురుగా వస్తాయి. అన్నిచోట్లా ఒక్కసారి కలవవు. ఒకచోట మొదలై, అక్కడినుంచి రెండు వైపులకీ వరసగా మూసుకుంటూ పోతాయి. మధ్యలో దూరం గంటగంటకీ కొలిచాను. తగ్గుతోంది. కానీ కలిసి తీరతాయని లెక్కతో ఎలా చూపించాలో తెలియక ఆగిపోయాను. ఇక్కడ పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు నిన్ను తప్ప ఎవర్నీ అడగాలనిపించలేదు.'

ఐదు నెలలు. ఆ ప్రశ్న ఐదు నెలలు బీరువా పై అరలో దుమ్ము కొట్టుకుంటూ కూర్చుంది. పిల్ల లెక్కని వదిలేసిందని ఆయన కుమిలిపోయిన ఐదు నెలలూ, అది లెక్క పట్టుకుని ఆయన గుమ్మంలోనే నిలబడి ఉంది. మాస్టారు ఉత్తరం గుండెల మీద పెట్టుకున్నారు. బయట మంచు కొద్దిగా పలచబడి, ఎదురింటి గోడ తెల్లగా, నీళ్ళలో ఉన్నట్టు కనబడింది.

"చివరికి కలుస్తాయా అవి?" అని అడిగారు, చిన్నపిల్లాడిలా.

"కలుస్తాయి. బాగా దగ్గరికొచ్చాక చూస్తే ఆగిపోయినట్టే ఉంటాయి. అప్పుడు అంచుల్లోంచి సన్నటి వేళ్ళలాంటివి బయటికొస్తాయి. అవతలి అంచుని పట్టుకుని దగ్గరికి లాక్కుంటాయి. రోజూ చూస్తాను, అయినా ప్రతిసారీ ఊపిరి బిగబట్టుకుంటాను." కింద పడ్డ గాజుగుడ్డ ముక్కలు ఏరుతూ అంది. "ఆ వేళ్ళు ఏ గ్రాఫులోనూ ముందుగా కనబడవు నాన్నా."

మాస్టారు పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నారు. "ఏమోయ్, నా చొక్కా ఏదీ? తొమ్మిదింటికి ఆస్పత్రిలో ఉండాలిట," అన్నారు.

డాక్టరమ్మ బొద్దుగా, కళ్ళజోడు తాడుకి వేలాడేసుకుని, పని చేస్తున్నంతసేపూ గొంతులోనే ఏదో పాడుకుంటూ ఉంటుంది. లేసు బిగించింది. స్కేలు పెట్టింది.

"ఇరవై అయిదుంబావు," అంది.

మాస్టారు కూతురి వంక చూశారు. చెప్పానా అని ఆ చూపు. గెలిచినవాడి చూపు మాత్రం కాదు. పిట్ట ముఖం కూడా పాలిపోయింది.

"బాగుంది. ఇవాళ కుట్టేద్దాం," అంది డాక్టరమ్మ.

"ఎలా కుడతారండీ?" అన్నారు మాస్టారు. "ఇరవై నాలుగు దగ్గర ఆగిపోతుంది కదా. సున్నా అవదు కదా."

"ఎవరు కావాలన్నారు సున్నా?" డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఆయన్ని కాస్త వింతగా చూసింది. "లాగుతూ లాగుతూ మూసేస్తాననుకున్నారా? మొదటిరోజే దగ్గరికి లాగేసి ఉంటే లోపలి కండ ఊపిరాడక చచ్చేది. అందుకని పదిరోజులు మీ చర్మాన్ని బతిమాలాను. వాపు దిగింది, అంచులు వదులయ్యాయి, రెండూ మాట వినే దూరానికి వచ్చాయి. మిగిలిన పాతిక మిల్లీమీటర్లు లేసు పని కాదండీ, సూది పని. అది నాకు వదిలెయ్యండి. ముందే అడిగి ఉంటే చెప్పేదాన్ని. మీరేమో అంకె చెవిన పడగానే పుస్తకంలో తల దూర్చేసేవారు."

మాస్టారి భార్యకి నవ్వాగలేదు. పదకొండు రోజుల తర్వాత అది మొదటి నవ్వు.

నడుములో మత్తు సూది ఇచ్చాక కాళ్ళు రెండూ ఎవరివో అయిపోయాయి. పైన పెద్ద తెల్లటి దీపం. దాని చుట్టూ వెలుగు పొద్దుటి మంచులా కమ్ముకుంది. ల్యాబులో పనిచేసే పిల్లే కదా అని డాక్టరమ్మ ఒప్పుకోవడంతో, పిట్ట మాస్కు కట్టుకుని ఆయన తల దగ్గర నిలబడింది. మాస్టారు చెయ్యి గాల్లో వెతుక్కుంటూ వెనక్కి వచ్చింది. ఆమె వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి.

"కుట్లు లెక్కపెట్టు," అన్నారు ఆయన కళ్ళు మూసుకుని.

"ఒకటి," అంది పిట్ట. "రెండు."

ఆయనకి వంటింటి గచ్చు కనబడింది. సుద్దగళ్ళు, వాటి మీద చిన్న చిన్న పాదాలు. ఒక్కో అంకెకి ఒక్కో అడుగు. అడుగులు గోడ దాకా వెళ్ళాయి. కలలో గోడ అక్కడ లేదు, గచ్చు అలా సాగుతూనే ఉంది, దూరంగా ఎక్కడో వెచ్చని గుడ్లు పేర్చిన గది దాకా. అదీ ఆ ఇల్లే. ఇంత చిన్న సంగతి నాకు నేనే నేర్పుకోలేకపోయానే అని ఆయన అనుకున్నారు. మూసిన కళ్ళ చివరల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. పిట్ట రెండో చేత్తో వాటిని తుడిచింది, అంకె తప్పకుండా.

"పంతొమ్మిది," అంది. కత్తెర చప్పుడైంది.

"ఇంకా ఎంత మిగిలింది?"

"ఏమీ మిగల్లేదు నాన్నా."

మత్తు దిగాక ఆయన్ని ఇంటికి చేర్చి, ఆ సాయంత్రం రైలుకి ఆమె వెళ్ళిపోయింది. మాస్టారికి ఆమె చెయ్యి వదలడానికి చాలాసేపు పట్టింది. కుట్లు విప్పే రోజుకి వస్తానంది.

మర్నాడు పొద్దున మళ్ళీ మంచు. వంటింట్లో ఆవిడ కెటిల్‌లో నీళ్ళు పోస్తూ ఉంటే, అక్కడి గోడకున్న, అదే లైనుకి కలిపిన రెండో ఫోను లోపల సన్నగా టింగుమంది. ముందు గదిలో ఎవరో నంబరు నొక్కుతున్నారు. మధ్యలో ఆగారు. మళ్ళీ మొదట్నుంచీ నొక్కారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్కరి మాటలూ చాటుగా వినని మనిషి, ఆ రోజు తడిచేత్తోనే రిసీవరు తీసి చెవికి పెట్టుకుంది.

"హలో," అంది అవతల పిట్ట గొంతు. తర్వాత గాభరాగా, "నాన్నా? నువ్వేనా? కాలికి ఏమైనా..."

"కాలు బానే ఉంది," అన్నారు మాస్టారు. గొంతు సవరించుకున్నారు. "నీ ఉత్తరం మూడో పేజీ. పైనుంచి రెండో పంక్తి. అక్కడ గుర్తు తారుమారు చేశావు. అందుకే ముందుకి కదల్లేదు నీ లెక్క."

అవతల ఒక నవ్వు వినబడింది, సగంలో ఏడుపు అయిపోయిన నవ్వు.

"చెప్పు నాన్నా, రాసుకుంటాను."

"చెప్తాను. లైన్లో ఉండు, నా పెన్సిల్ ఎక్కడ పెట్టానో చూస్తా."

"ఉంటాను. ఎంతసేపైనా ఉంటాను."

పెన్సిల్ ఆయన చెవి మీదే ఉంటుందని ఆవిడకి తెలుసు. చెప్పలేదు. చప్పుడు కాకుండా రిసీవరు పెట్టేసి, తడి చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంది.